మూడో బొమ్మ

కంప్యూటర్ మెకానిక్ ఎనిమిదిన్నరకి వస్తానంది. కళ్ళజోళ్ళాయన మాత్రం ఏడింటి నుంచే కాలుగాలిన పిల్లిలా ముందుగదిలో తిరుగుతున్నాడు. బల్ల రెండుసార్లు తుడిచాడు. వైర్లు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. కాఫీ చల్లారిపోతోందని భార్య అంటే, చల్లారనీ అన్నాడు.

దుకాణానికి వచ్చేవాళ్ళ కళ్ళ నంబర్లన్నీ పన్నెండేళ్ళుగా ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అందులోని పాత సిస్టమ్‌కి ఇక మా పూచీ లేదని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశారు. వైరస్ వచ్చి అన్నీ ఊడ్చుకుపోయేదాకా చూస్తారా అని భార్య పోరగా పోరగా, కొత్త సిస్టమ్ వేయించడానికి ఒప్పుకున్నాడు. గుబులంతా ఆ నంబర్ల గురించేనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు కూడా.

మెకానిక్ పాతికేళ్ళ అమ్మాయి. కంగారుపడే రకం కాదు. కొత్త సిస్టమ్‌ని ఈ కంప్యూటర్ మొయ్యగలదా, కళ్ళద్దాల ప్రోగ్రామ్ అందులో నడుస్తుందా అని ముందే చూసుకుంది. తర్వాత సంచీలోంచి చిన్న డిస్క్ తీసింది. ఇంట్లో అందరి ఫైళ్ళూ ముందు ఇందులోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయని తేలాకే మిగతా పని అంది.

తెర మీద ఒక్కొక్కరి ఖాతాకి ఒకటి చొప్పున మూడు బొమ్మలున్నాయి. నాన్న, అమ్మ, అమ్మాయి. మూడోది రైలింజన్ బొమ్మ.

"ఇదెవరిది అంకుల్? నేనింకా నొక్కలేదు, పాస్‌వర్డ్ ఉంటే చెప్పండి. వాడటం లేదంటే తీసేస్తాను."

"తీయొద్దు, మా అమ్మాయిది," అన్నాడాయన. ఆ గొంతు ఆయనకే గట్టిగా వినిపించింది. బలవంతంగా తెరవడం కుదరదా అని నసిగాడు.

"కుదురుతుంది. కానీ ఆవిడ విడిగా తాళం వేసుకున్న ఫైళ్ళేమైనా ఉంటే, అవి మళ్ళీ తెరుచుకోవు. అయినా మనిషి ఉండగా అడక్కుండా నేను తెరవను అంకుల్. ఒక్క ఫోన్ కొట్టండి, అయిపోతుంది."

ఆ అమ్మాయికేం తెలుసు పాపం. మూడేళ్ళ కిందట ఆ పాస్‌వర్డ్‌ని ఈయనే దొంగిలించాడు. అది దొంగతనమే, దానికి ఇంకో పేరు లేదు. కూతురు టైపు చేస్తుంటే వెనక నిలబడి వేళ్ళు చూసి పట్టేశాడు. రైలు డ్రైవర్ శిక్షణకి రమ్మని ఆమెకి మెయిల్ వచ్చింది. దుకాణం ఎవరు చూస్తారు? ఆమె స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో, ఆ బొమ్మ తెరిచి, నేను రావడం లేదని ఆమె మెయిల్ నుంచే రైల్వే ఆఫీసుకి జవాబు కొట్టేశాడు.

నాలుగు రోజులకి గుట్టు రట్టయింది. కూతురు అరవలేదు, ఏడవలేదు. ఆఫీసు చుట్టూ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఆ సీటు తిరిగి తెచ్చుకుంది. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. పాస్‌వర్డ్ మార్చేసే ఉంటుందనుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ బొమ్మ జోలికి పోలేదు. వారానికోసారి తల్లీ కూతుళ్ళు ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే, పక్కగదిలో పేపరు తిప్పుతూ చెవులు మాత్రం అటు పెట్టేవాడు.

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. "నువ్వే అడుగు," అన్నాడు భార్యతో.

"నేను అడగను."

"ఒక్క మాటేగా."

"దొంగచాటుగా తీసుకుంది మీరు. అడిగి తీసుకోవాల్సిందీ మీరే." ఆవిడ చెయ్యి తుడుచుకుని తన ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "మూడేళ్ళుగా మీ ఇద్దరి మధ్యా గోడలా నిలబడి అలిసిపోయాను. ఇక నావల్ల కాదు."

రెండుసార్లు నొక్కబోయి ఆగాడు. మూడోసారి మోగింది.

"అమ్మా, చెప్పు. ఇప్పుడే బండి దిగాను."

"నేనమ్మా."

ఆయన గబగబా కంప్యూటర్ సంగతి, డిస్క్ సంగతి, మెకానిక్ అన్న మాటా చెప్పేశాడు. చివరికి మాత్రం మాట తడబడింది. "నీ పాస్‌వర్డ్ చెబుతావా తల్లీ? ఈసారి అడుగుతున్నాను."

"దానికి పాస్‌వర్డ్ లేదు నాన్నా. వెళ్ళే రోజు తీసేశాను."

"తీసేశావా? ఎందుకు?"

"నువ్వు ఎలాగూ తెరుస్తావు కదా అని. నీకు రాసింది అందులోనే పెట్టాను. చదివి కూడా ఊరుకున్నావనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆయన ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ముందుగదిలోకి వచ్చి రైలింజన్ బొమ్మ నొక్కాడు. తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క ఫైలు ఉంది, పేరు 'నాన్నకి'. అందులో మూడే వాక్యాలు.

'చేసింది తప్పని ఒక్కసారి అను నాన్నా. ఇంకేమీ అక్కర్లేదు. రమ్మని పిలువు, సెలవు పెట్టుకుని వచ్చేస్తాను.'

మూడేళ్ళు. తెరవకూడని రోజు తెరిచాడు, తెరవాల్సినన్ని రోజులూ బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి తన ఇంట్లో ఉన్న ఉత్తరం కనబడలేదు. కళ్ళజోడు తీసి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"తప్పేనమ్మా. చాలా పెద్ద తప్పు," అన్నాడు ఫోన్‌లో. "ఎప్పుడొస్తావు?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. రేపు మధ్యాహ్నం అంది కూతురు. భార్య గుమ్మంలోనే చతికిలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ మూడు వాక్యాలూ డిస్క్‌లోకి ఎక్కాయో లేదో ఆయన నాలుగుసార్లు తెరిపించి చూశాకే మెకానిక్ అసలు పని మొదలుపెట్టింది. సాయంత్రానికి కొత్త సిస్టమ్ లేచింది. కళ్ళ నంబర్లన్నీ భద్రంగా ఉన్నాయి. మూడు బొమ్మలూ వచ్చాయి.

"ఈ మూడోదానికి కూడా పాస్‌వర్డ్ పెట్టమంటారా అంకుల్?"

"నువ్వు ముట్టుకోకమ్మా," అన్నాడాయన. "రేపు తనే వచ్చి పెట్టుకుంటుంది. అప్పుడు నేను ఈ గదిలో ఉండను."