దారాల మామ్మ ఇల్లు

నరసాపురంలో కాలవగట్టు మీది ఆ పెంకుటింటి మాట ఎత్తితే చాలు, పిల్లలు గొంతు తగ్గించేస్తారు. పొద్దుపోయాక అటు వెళ్తే లోపల్నుంచి ఎవరో మన నీడని లాగేస్తారట. నీడ పోయిన మనిషి వారం తిరక్కుండా మంచం పడతాడట. అలా పడ్డవాళ్ల పేరు చెప్పమంటే మాత్రం ఎవరికీ తెలీదు. దెయ్యాల సంగతి ఎప్పుడూ అంతే కదా!

ఆ సాయంత్రం ఆటో ఐజాక్ గట్టు మొదట్లోనే బ్రేక్ వేశాడు.

"ఇక్కడ దిగిపోండి మేడమ్. నేను ప్రభువుని నమ్ముకున్నోణ్ణేనండి... అయినా చీకటి పడ్డాక అటు రానండి."

"ఏంటి, నీడ లాగేస్తుందనా?" శ్రీసత్య నవ్వింది.

"మీకూ తెలుసా అండి!"

తెలియకేం? నీడలు లాగే ముసలిదాన్ని పుట్టించిందే ఆమె. భీమవరంలో టీచరు. రెండేళ్ల కిందట పిల్లల కోసం 'నీడల లంక' అని ఓ సాహస నవల రాసింది. అందులో ఇద్దరు కవలలు గోదావరి మంచులో దారి తప్పి ఓ మాయలంకకి చేరతారు. అక్కడ దారాల మామ్మ అనే మంత్రగత్తె పిల్లల నీడల్ని సూదికి తగిలించి తెల్లటి లేసులా అల్లేస్తుంటుంది. పుస్తకం చుట్టుపక్కల బళ్లన్నిటికీ పాకిపోయింది. ఆ మధ్యాహ్నం కూడా ఇక్కడి స్కూలువాళ్లు పిలిచి, చప్పట్లు కొట్టించి, తెల్ల పట్టు శాలువా కప్పారు. రాత్రికి గట్టు అవతల పిన్ని ఇంట్లో పడుకుంటుంది.

తన కథ ఆటోవాళ్ల నోళ్లలో కూడా పడిందని ఆమె లోలోపల పొంగిపోయింది. శాలువా సర్దుకుని నడక సాగించింది.

నాలుగడుగులు వేసిందో లేదో... కరెంటు పోయింది.

కాలవ, గట్టు, అన్నీ ఒకటే చీకటి. గుర్రపుడెక్క కింద నీళ్లు గుడగుడమంటున్నాయి. ఫోన్ లైటు వేద్దామంటే, ఛార్జింగ్ అంతా సభలో సెల్ఫీలకే సరిపోయింది.

అప్పుడు మొదలైంది భయం. ఎందుకంటే — ఎదురుగా ఉన్న ఈ ఇంటిని ఆమె ఊహించి రాయలేదు. చూసి రాసింది.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఈ అరుగు మీదే కూర్చునేది. సంపూర్ణమ్మ గారని, లేసు అల్లే ఆవిడ ఉండేది. ఒక కంట్లో పువ్వు, కాస్త వంగిన నడుము. "సత్తెమ్మా" అని పిలిచి, వేళ్లు పట్టుకుని ఓపిగ్గా అల్లిక నేర్పేది. ఆకలేస్తే తన కోసం వండుకున్నదే పెట్టేది. నవలలో మంత్రగత్తె ఎలా ఉండాలో తోచక, శ్రీసత్య ఆ పువ్వు కన్నూ, ఆ నడుమూ, ఈ ఇంటి నీలం తలుపూ ఉన్నదున్నట్టు దించేసింది. ఆవిడ ఈపాటికి పోయే ఉంటుందిలే అనుకుంది. పిన్నికి ఒక్క ఫోన్ చేసైనా అడగలేదు.

పోయినావిడ ఊరుకుంటుందా మరి...

టక్!

పెంకుల మీద ఏదో పడింది. శ్రీసత్య కాళ్లు ఆగిపోయాయి.

టక్... టక్!

దొర్లుకుంటూ వచ్చి చూరు కింద రాలింది. నీలం తలుపు కిర్రుమంది... సందులోంచి తెల్లగా ఏదో ఊగింది.

"సంపూర్ణమ్మ గారూ... తప్పయిపోయిందండీ!" ఏడుపు గొంతుతో అనేసింది.

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆ గొంతు... సత్తెమ్మవా?"

చెయ్యి వెచ్చగా ఉంది. బతికున్న మనిషి చెయ్యి.

"గట్టిగా మాట్లాడకమ్మా... లోపలికొచ్చెయ్. దెయ్యం వింటుంది."

"దెయ్యమేంటండీ?" గుమ్మం దాటుతూ అడిగింది శ్రీసత్య.

"రోజూ ఈ వేళకొచ్చి పెంకుల మీద మూడు రాళ్లు వేసి పోతుందమ్మా. దీపం పెడితే ఇంకా రెచ్చిపోతుంది. అందుకే చీకట్లో తడుముకుంటూ అల్లుకుంటున్నా." ఆవిడ చేతిలో ఊగుతున్నది సగం అల్లిన లేసు. "పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆగలేదు. అల్లిక నేర్చుకునే పిల్లలు కూడా మానేశారు. ఇల్లొదిలి ఎక్కడికి పోను?"

మూడు రాళ్లు!

దారాల మామ్మ బయటికి రాకూడదంటే ఆమె ఇంటి కప్పు మీద మూడు గులకరాళ్లు విసరాలి — నవలలో ఓ అధ్యాయం ఎలా ముగించాలో తోచక అప్పటికప్పుడు పుట్టించిన సంగతి అది.

శ్రీసత్య విసురుగా బయటికొచ్చింది. "ఎవర్రా అక్కడ!"

గట్టు మీంచి టార్చి వెలుగు ఆమె మీద, తెల్ల శాలువా మీద పడింది.

"బాబోయ్... దారాల మామ్మ! బయటికొచ్చేసింది!"

రాయి వచ్చి నుదుటికి తగిలింది. పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు. ఒకడి చేతిలోంచి టార్చి జారిపడింది. ఆ వెలుగులో కనిపించింది, మధ్యాహ్నం తనకి చప్పట్లు కొట్టిన పిల్లల స్కూలు యూనిఫారం.

శ్రీసత్యకి నేల మీద నిలబడటానికే సిగ్గేసింది.

సంపూర్ణమ్మ గారు తడుముకుంటూ వచ్చి, చేతిలోని లేసుతోనే ఆమె నుదుటి నెత్తురు అద్దింది.

"పిల్లలా అమ్మా... పిల్లలేనా? నా అరుగు మీద ఆడుకున్నోళ్లేనా? దెయ్యమనుకున్నప్పుడే నయం. వాళ్లకి నేనేం చేశాను? నా గురించి ఏం చెప్పారు? ఎవరు చెప్పారు?"

చెప్పకుండా పిన్ని ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆవిడకి చదువు రాదు. ఎప్పటికీ తెలీదు. ఒక్క క్షణం శ్రీసత్య ఆ ఆలోచన కూడా చేసింది. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"నేనేనండి..."

తడబడుతూ చెప్పింది. లంక గురించి, నీడల గురించి, రాళ్ల గురించి. ఆవిడ చేతిలో లేసు నుదుటి మీదే ఆగిపోయింది.

"ఆ మంత్రగత్తెకి... కన్ను ఎలా ఉంటుందమ్మా?"

శ్రీసత్య తల వాల్చేసింది.

"మీ కన్నులానే... ఉంటుందండి."

నుదుటి మీది చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆవిడ ఒక్కో అడుగే వెనక్కి వేసింది. నీలం తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

శ్రీసత్య వాకిట్లో అలాగే నిలబడిపోయింది. కాసేపటికి తలుపు అవతల సన్నగా ప్రార్థన మొదలైంది... గుమ్మం బయట దెయ్యం నిలబడి ఉన్నప్పుడు చేసుకునే ప్రార్థన.