చిత్రిక పట్టిన తలుపు

మిట్టమధ్యాహ్నం పన్నెండు... ఉన్నట్టుండి ఆకాశం కాటుక పులుముకుంది. ఫెళఫెళమని ఉరుము ఉరిమితే వర్క్‌షాపు రేకుల కప్పు గజగజలాడింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది!

పాత కొయ్యతో కొత్త సామాను చేసే వడ్రంగి ఆమె. కూల్చిన ఇళ్ల కిటికీలూ, బడి బల్లలూ ఆమె చేతిలో పడితే మళ్లీ ప్రాణం పోసుకునేవి. వాటి మీద ఎవరో గీసుకున్న గీతల్ని ఏనాడూ చెరిపేది కాదు, అవే అందమనేది. ఈసారి మాత్రం బుద్ధి గడ్డి తింది.

ఒక మాంత్రికుడు తెచ్చింది కూల్చిన జైల్లోని ఉరిఖైదీల గది తలుపు. దాంతో సింహాసనం చేయమన్నాడు. ఖైదీలు గోళ్లతో గీసుకున్న పేర్లను చిత్రిక పట్టేయమన్నాడు. మంచి బేరం కదా అని ఆమె పట్టేసింది. ఆ పొట్టు ఊడ్చిన చెల్లెలు మూడు రోజులుగా మనిషి కాదు... పేరు పోయిన ప్రేతాలు ఆ పిల్లలో దూరాయి!

ఇప్పుడు వాడు ఒడిలో కపాలంతో ఆ సింహాసనం మీదే కూర్చున్నాడు. "పేరు లేని ప్రేతం పెంపుడు కుక్కతో సమానం," అని నవ్వాడు. "జపం ముగిసేసరికి అవీ నావే, నీ చెల్లి ప్రాణమూ నాదే."

జపం మొదలైంది. ముగిసేదాకా వాడు లేవడానికి వీల్లేదు. నేల మీద చెల్లెలు విల్లులా వంగిపోయింది. ఆమె నోట మూడు మగగొంతులు...

"మా పేర్లు చెరిపేశావు కదమ్మా..."

తను చేసిందేమిటో అక్కకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఉలి అందుకుని సింహాసనం వెనక్కి చేరింది.

"చెప్పండి నాయనా, మళ్లీ చెక్కుతాను."

మొదటి పేరు చెక్కగానే ఒక గొంతు ఆగింది, కొయ్య కిర్రుమంది. రెండో పేరుకు మాంత్రికుడి నాలుక తడబడింది. మూడో గొంతు మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

"నాకు పేరు లేదక్కా. అందరూ ఒరేయ్ అనేవాళ్లు. తలుపు మీద గీతొకటి గీశానంతే."

చెల్లెలి పెదవులు నల్లబడుతున్నాయి... ఊపిరి అందడం లేదు! అక్క ఆగకుండా 'తమ్ముడు' అని చెక్కింది.

పిడుగు పడ్డట్టయింది! సింహాసనం చేతులు రెండూ ముడుచుకుని మాంత్రికుడి నడుమును బిగించాయి. వాడి హాహాకారం ఉరుముల్లో కలిసిపోయింది. భగ్గుమన్న నీలిజ్వాలలో కపాలం పగిలింది, వాడు పిడికెడు బూడిదయ్యాడు. కొయ్య మాత్రం మాడలేదు.

చెల్లెలు కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. తాగుతూ తాగుతూ ఆ అక్షరాలు చూసింది.

"మనకు తమ్ముడెక్కడున్నాడక్కా?"

"ఉన్నాడే," అంది అక్క. "ఇంతకాలం ఎవరూ పిలవలేదు."