ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న దండ

ధడ్!

బోటు వెనక ఏదో బిగుసుకుంటుంది. ఇంజన్ ఒక్కసారి మూలుగుతుంది. ఆగిపోతుంది.

భిలాయి పక్క మరోదా జలాశయం నడిమధ్య... చీకట్లో!

"ఏటయిందిరా మిస్త్రీ?" శ్యామసుందర్ గొంతు వణుకుతోంది. చేతిలో పిస్తోలు మాత్రం వణకడం లేదు.

"సూస్తన్నాను బాబూ."

వెనక గట్టు వైపు నుంచి టార్చ్ వెలుగు. చిన్న పడవ. తెడ్లు గబగబా పడుతున్నాయి.

"పోలీసులు! సుపేలాలో నా ఇల్లు చుట్టేశారంట. నన్ను అవతలి ఒడ్డుకి చేర్చకపోయావో... గోలీ మార్ దూంగా!"

మిస్త్రీ వేషంలో ఉన్న మురళీధర్ లోపల్లోపలే నవ్వుకుంటాడు.

అది పోలీసుల పడవ కాదు. బావ పడవ. సుపేలాలో పోలీసులున్నారన్న పుకారు పుట్టించిందీ బావే.

ఈ శ్యామసుందర్ భిలాయి ఉక్కు ప్లాంట్‌లో కాంట్రాక్టర్. విశాఖలో స్క్రాప్ కింద కొన్న ఈ స్పీడ్ బోటు వీడి ముచ్చట. మురళీధర్ అసలు మిస్త్రీయే కాదు. విశాఖ హార్బర్‌లో బోటు ఇంజన్ల ఇంజనీర్. పేరు దాచుకుని, మాసిన చొక్కా వేసుకుని, వీడి దగ్గర పనికి చేరాడు.

ఎందుకంటే అక్క ఛాయ ఈ బోటు మీంచే పడి చచ్చిపోయింది. విశ్వకర్మ పూజ రోజు సాయంత్రం.

"వాడే తోసేశాడు మురళీ," అన్నాడు బావ యజ్ఞనారాయణ, గుండెలు బాదుకుంటూ. "నేను ఫర్నేస్ డ్యూటీలో ఉన్నాను. లేకపోతే దాన్ని వాడితో ఒంటరిగా షికారుకి పంపేవాణ్ణా? నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి."

చేస్తాడు. ఈ పూటే చేస్తాడు. వీణ్ణి చంపకుండా విశాఖ రైలెక్కడు!

తాళం తిప్పుతాడు. ఇంజన్ స్టార్ట్! న్యూట్రల్‌లో హాయిగా తిరుగుతోంది.

గేర్ వేస్తాడు.

ధడ్! మళ్ళీ ఆగింది.

అంటే ఇంజన్ మంచిదే. పెట్రోలూ బాగానే అందుతోంది. రోగమంతా వెనక కాల్లో ఉంది. స్టెర్న్‌డ్రైవ్ బోటంటే అంతే... ఇంజన్ లోపల, దాని కాలు బయట నీళ్ళలో. ఆ కాలి చివర ప్రొపెల్లర్.

రోగమేమిటో మురళీధర్‌కి మధ్యాహ్నమే తెలుసు. ఆ కాల్లోంచి గేర్ ఆయిల్ తీసి చూశాడు. పాలు పోసిన టీలా ఉంది. ఆయిల్లో నీళ్ళు! ప్రొపెల్లర్ వెనక నైలాన్ దారం చుట్టుకుని, నీళ్ళు ఆపే సీల్‌ని కోసేసింది. దారానికి ఎండిన బంతిపూలు. ఒక ఎర్ర గుడ్డ.

పూజ దండ!

విశ్వకర్మ పూజనాడు భిలాయిలో ఆరని ఫర్నేసులకి తప్ప ఏ యంత్రానికీ పని చెప్పరు. స్కూటర్ నుంచి కుట్టు మిషన్ దాకా బొట్టు పెడతారు, దండ వేస్తారు, మర్నాటిదాకా ముట్టుకోరు. ఆ దండ విప్పకుండా బోటు నడిపిన పాపిష్టి వాడెవడో... వాడే అక్కని చంపినవాడు.

దారాన్ని కావాలనే వదిలేశాడు. బిగుస్తుందని తెలుసు. నడి నీళ్ళలో ఆగుతుందని తెలుసు.

"బాబూ, ప్రొపెల్లర్‌కి దారం సుట్టుకుంది."

"అయితే తియ్! జల్దీ!" పిస్తోలు మెడకి తగులుతోంది.

"తీస్తాను. కానీ ఈపాలి స్టార్ట్ సేశాక ఇంజన్ ఆపకూడదు. బ్యాటరీ డౌను. ఇంకోసారి ఆగితే సెల్ఫ్ తీసుకోదు. ఎవరో ఒకరు లీవర్ని న్యూట్రల్‌లో పట్టుకోవాల. మీరు పట్టుకుంటారా? రవ్వంత జరిగిందా... నా సెయ్యి ఎగిరిపోద్ది. నా సెయ్యి పోతే బోటెవరు నడుపుతారు?"

శ్యామసుందర్ వెనక్కి చూస్తాడు. టార్చ్ దగ్గరపడుతోంది.

"హట్! నేనే తీస్తాను!"

మురళీధర్ ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసి, కాలెత్తే మీట నొక్కుతాడు. కాలు మెల్లగా నీళ్ళ పైకి లేస్తుంది. శ్యామసుందర్ పిస్తోలు పక్కన పెట్టి, బోర్లా పడుకుని చెయ్యి చాస్తాడు.

"జారిపోకుండా మణికట్టుకి సుట్టుకుని లాగండి బాబూ."

లాగుతున్నాడు. గుడ్డ ఊడింది. పూలు ఊడాయి. ఇంకా కొంచెమే...

మురళీధర్ కాలితో ఒక్క తన్ను! పిస్తోలు నీళ్ళలో పడింది.

"ఏయ్! పాగల్ హో గయా?"

"కదలకు." గొంతు మారింది. మిస్త్రీ యాస పోయింది. "దారం ఒక కొస నీ చేతికుంది. రెండోది ప్రొపెల్లర్‌కుంది. లీవర్ నా చేతిలో ఉంది. నేను ఛాయ తమ్ముణ్ణి."

శ్యామసుందర్ మణికట్టు లాక్కోబోతాడు, దారం ఇంకా బిగుస్తుంది.

"అమ్మతోడు... నేను సంపలేదు!"

"లీవర్ తొయ్యనా?"

"వద్దు బాబూ! ఆ రోజు నేను ఇంటికాడ పూజలో ఉన్నాను! తాళాలిచ్చాను, అంతే! ప్లాంట్ రాగి ఇద్దరం కలిసే దాటించాం, నేనూ మీ బావా. ఛాయమ్మకి తెలిసిపోయింది. పోలీసులకి సెప్పేస్తానంది. షికారని మీ బావే తీసుకెళ్ళాడు... ఒక్కడే తిరిగొచ్చాడు!"

"అబద్ధం!"

ఢాం!

శ్యామసుందర్ తల వాలిపోతుంది. శరీరం జారి నీళ్ళలో పడుతుంది. ఆ బరువుకి మిగిలిన దారమంతా ప్రొపెల్లర్ నుంచి ఊడిపోతుంది.

దూరంగా ప్లాంట్‌లో స్లాగ్, కరిగిన ఇనుప చిట్టెం, పారబోశారు. ఆకాశం ఎర్రబడుతుంది. ఆ వెలుతుర్లో పడవ, పడవలో యజ్ఞనారాయణ, చేతిలో రివాల్వర్.

"నీకేం కాలేదు కదా మురళీ?" పడవ బోటు వెనక్కొచ్చి ఆనుకుంది. "చచ్చేముందు వాడేమైనా వాగాడా?"

"ఏం లేదు బావా."

యజ్ఞనారాయణ చూపు బోటు అంచున పడి ఉన్న బంతిపూల మీదికి పోతుంది.

"ఛ! ఇదా?" తనలో తనే గొణుక్కుంటాడు. "ఆ రోజు తిరిగొచ్చేటప్పుడే అనుకున్నా, బోటు వణుకుతోందేమిటా అని..."

టక్కున ఆగిపోతాడు.

మురళీధర్ చెవుల్లో హోరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి హంతకుణ్ణి? ఈ మనిషి కన్నీళ్ళు తుడిచాడు తను. ఈ మనిషి చేతిలో కత్తయ్యాడు.

మీట నొక్కుతాడు. కాలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది.

"ఏం చేస్తున్నావ్?" అనుమానంగా యజ్ఞనారాయణ.

"రిపేరయిపోయింది బావా. వెళ్ళిపోదాం. ఇటే ఎక్కండి, పట్టు దొరుకుతుంది."

యజ్ఞనారాయణ పడవలో లేచి నిలబడతాడు. కుడి చేతిలో రివాల్వర్. ఎడం చెయ్యి చాస్తాడు.

"చెయ్యియ్యి."

మురళీధర్ ఆ చేతిని చూస్తాడు. అందుకోడు.

"అక్క కూడా ఇలాగే అడిగిందా బావా?"

రివాల్వర్ పైకి లేస్తోంది...

లీవర్ని ఒక్క గుంజు గుంజి రివర్స్‌లో వేస్తాడు!

బోటు వెనక్కి దూకుతుంది. పడవ ఫెళ్ళున విరిగిపోతుంది.

ఢాం!

గుండు ఆకాశంలోకి పోయింది. బావ ప్రొపెల్లర్ కిందికి పోయాడు.