తోక బండి

బయలుదేరిన రోజు పొద్దున, పెట్రోలు బంకు పక్కన టీ తాగుతూ కెప్టెన్ గారు మాకు రూల్సు చెప్పారు. ఆయన నిజంగా కెప్టెనేం కాదు. మా వీధి చివర మందుల షాపు ఆయనది. సెలవొస్తే చాలు, బండేసుకుని దారీ తెన్నూ లేని చోట్లకి పోవడం ఆయన పిచ్చి. ఆ పిచ్చిని మా తమ్ముడికి అంటించడం ఆయన చేసిన పాపం. ఈసారి ఇసుక దిబ్బలకి ప్రయాణం. మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోతామనీ, పొద్దుగూకేదాకా దిబ్బల మీద బండ్లు ఎక్కించి దించుకోవచ్చనీ ఆశ పెట్టారు.

మొత్తం మూడు బండ్లు. ముందు కెప్టెన్ గారిది. మధ్యలో నాది, పక్క సీట్లో మా ఆయన. చివర మా తమ్ముడి పాత జీపు, అందులో వాడొక్కడే.

"దారి గురించి మీరెవరూ ఆలోచించొద్దు. ఆలోచిస్తేనే తప్పిపోతారు," అన్నారు కెప్టెన్ గారు. "దారి చీలిన చోటల్లా ముందు బండి ఆగుతుంది. ఎటు తిరగాలో అటు ఇండికేటర్ వేసి ఉంచుతుంది. వెనక బండి లైట్లు అద్దంలో కనబడ్డాకే కదులుతుంది. వెనక బండి ఆగిపోయిందా, ముందు బండి వెనక్కొచ్చి సాయం చెయ్యాలి. అందరికంటే చివరిది తోక. మలుపు దాటగానే తోక వాకీటాకీలో ఒక్క మాట చెప్పాలి, 'తోక దాటింది' అని. అది వినబడితే అందరూ వచ్చేసినట్టే."

"ముందు బండి ఎంతసేపు ఆగాలి?" అని అడిగారు మా ఆయన. లెక్కలు చూసే ఉద్యోగం ఆయనది. ప్రతిదానికీ ఎంత అని అడక్కపోతే తిన్నది అరగదు.

"వచ్చేదాకా. దానికి గడువుండదు సార్."

"తోక నేనే!" అని మా తమ్ముడు చెయ్యెత్తాడు, అదేదో బహుమతి అయినట్టు.

నాకు మాత్రం అప్పట్నుంచే మనసు మనసులో లేదు. అమ్మ వాణ్ణి పంపింది నన్ను చూసి. పోయినేడు నడిరోడ్డు మీద ఎవరిదో కారు ఆగిపోతే, మనవాడు దిగి తోస్తుంటే, వెనకనుంచి లారీ గుద్దింది. నెలల తరబడి మంచంలో ఉన్నాడు. ఇప్పటికీ ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. "ఎవరు చెయ్యెత్తినా ఆగే రకం వాడు. నీ కళ్ళ ముందే ఉంచుకో," అంది అమ్మ. నేను పళ్ళ డాక్టర్ని. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపిస్తాను గానీ, అమ్మ నోటికి ఎదురు చెప్పలేను. ఉంచుకుంటానని మాటిచ్చాను.

అందుకని దారి పొడుగునా నేను ముందుకి చూసింది తక్కువ, అద్దంలోకి చూసింది ఎక్కువ. జీపు పోల్చుకోవడం తేలికే. ఒక బల్బు మాడిపోతే వేరే రకం బల్బు పెట్టాడు. ఒక దీపం తెలుపు, ఒకటి పసుపు. దానికి మెల్లకన్ను అని పేరు పెట్టాను. మెల్లకన్ను అద్దంలో ఉన్నంతసేపూ నా ప్రాణం కుదురుగా ఉండేది.

మొదట కెప్టెన్ గారి బండికే టైరు పేలింది. "గురువుగారి బండే కుంటిదయిందే!" అని తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు చల్లారకముందే నా బండి రేడియేటర్ గొట్టం చీలి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. తమ్ముడు రబ్బరు పీలికతో కట్టు కట్టి, మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ అందులో పోశాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆఖరికి వాడి జీపులో పెట్రోలు పైపు మట్టి పట్టి మూసుకుపోయింది. వాడు దాన్ని నోటితో ఊది ఊది బాగుచేసేసరికి భోజనం వేళ పోయింది, ఎండ పోయింది. తిరిగి వెళ్ళిపోదామని నేనన్నాను. ఇంత దూరం వచ్చాక ఏం వెళతామని మగవాళ్ళు ముగ్గురూ ఒక్కటయ్యారు. ఎప్పుడూ ఒక్కటి కాని వాళ్ళు ఒక్కటయినప్పుడే అనుమానించాల్సింది.

తారు రోడ్డు అయిపోయింది. ఆ తర్వాత ఎర్రమట్టి బాట. రెండు పక్కలా మనిషెత్తు ముళ్ళపొదలు. పొద్దు వాలుతోంది. ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి తినాలి, అది ఈ ప్రయాణాల్లో మామూలే. అద్దాలు బిగించుకున్నా పళ్ళ మధ్య కరకరలాడుతోంది. కెప్టెన్ గారి ఎర్ర దీపాలు ఆ దుమ్ములో ఒకసారి కనబడతాయి, ఒకసారి మాయమవుతాయి. కాసేపటికి పూర్తిగా మాయమయ్యాయి.

"దూరం వెళ్ళిపోయాడు. చీలిక దగ్గర ఆగుతాడులే," అన్నారు మా ఆయన.

నిజంగానే ఆగి ఉంది. బాట రెండుగా చీలిన చోట, దుమ్ములో, వెనక స్పేర్ టైరు తగిలించిన బండి. ఎడమ ఇండికేటర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. నా లైట్లు దాని మీద పడగానే, ఎప్పట్నుంచో అందుకే చూస్తున్నట్టు, మెల్లగా ఎడమ వైపు కదిలింది. నేనూ ఎడమకి తిప్పాను. అద్దంలో మెల్లకన్ను నా వెనకే తిరిగింది.

వాకీటాకీలో తమ్ముడి గొంతు. "తోక దాటింది."

రోజంతా ఈ మాటకి కెప్టెన్ గారు "శభాష్" అంటూ వచ్చారు. ఈసారి గరగరమని చప్పుడు, దాని వెనక ఎక్కడో సన్నగా...

"సరే... రండి."

"దుమ్ముకి పాపం గొంతు పోయినట్టుంది," అన్నారు మా ఆయన. ఆయనే మళ్ళీ, "అమ్మయ్య, ఈ దారి నయం. దుమ్ము లేదు. అద్దాలు దించవోయ్, ఊపిరాడుతుంది," అన్నారు.

దించాను. గాలి చల్లగా ఉంది. చాలాకాలం మూసి ఉన్న గది తలుపు తీస్తే వచ్చే వాసన. దాంతో కలిసి, పెట్రోలు ఆరిపోయాక మిగిలే వాసన. మా ముందు బండి సాఫీగా పోతోంది. దాని ఎర్ర దీపాలు ఇప్పుడు ఎంత స్పష్టంగా కనబడుతున్నాయో...

ఎందుకు కనబడుతున్నాయి?

అద్దంలో చూశాను. నా వెనక దుమ్ము గోడలా లేస్తోంది. అందులో మెల్లకన్ను మసకమసగ్గా ఉంది. అదే బాట. అదే మట్టి. నా చక్రాల కింద ఇంత దుమ్ము లేస్తుంటే, ముందు పోయే బండి కింద పిసరంత లేదు.

"ఏమండీ," అన్నాను. "ముందు బండి చూడండి. కింద చూడండి."

ఆయన చూశారు. లెక్క తప్పినప్పుడు పెట్టే మొహం పెట్టారు. అప్పుడే వాకీటాకీ గట్టిగా గరగరలాడింది.

"డాక్టరమ్మా! ఎక్కడున్నారు తల్లీ? చీలిక దగ్గర కుడి ఇండికేటర్ వేసుకుని ఇందాకట్నుంచీ నిలబడి ఉన్నా. ఒక్కరూ రారేంటి?"

కెప్టెన్ గారి గొంతు. ఖంగుమంటోంది. గొంతేం పోలేదు.

నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. తిరగలేదు. ఇంకోసారి. తిరగలేదు. కట్టు ఊడిన గొట్టంలోంచి బుస్సుమని ఆవిరి.

ముందు బండి కూడా ఆగింది.

రూలు గుర్తొచ్చింది నాకు. వెనక బండి ఆగిపోతే... ముందు బండి...

దాని వెనక తెల్ల దీపం వెలిగింది. మెల్లగా, తొందర లేకుండా, మా వైపు వెనక్కి రావడం మొదలుపెట్టింది. చక్రాల చప్పుడు లేదు. ఇంజను చప్పుడు లేదు. ముళ్ళపొదల్లో కీచురాళ్ళు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

వెనక జీపు ఆగిన చప్పుడైంది. తలుపు తీసిన చప్పుడు. తర్వాత ఒక కాలు ఈడుస్తూ వచ్చే నడక. మా తమ్ముడు భుజాన లాగుడు తాడు వేసుకుని మా బండి పక్కనుంచి ముందుకి వెళ్ళిపోతున్నాడు.

"ఒరేయ్, ఆగు!" అని గుసగుసగా అరిచాను.

"కెప్టెన్ గారు వెనక్కొస్తున్నారు కదక్కా, తాడు కట్టేస్తా. నువ్వు కూర్చో."

"అది కెప్టెన్ గారు కాదురా..."

వాడికి వినబడలేదు. తలుపు తోసుకుని దిగి పరుగెత్తాను. వాడి చొక్కా వెనకనుంచి దొరకబుచ్చుకునేసరికి ఆ బండికీ మాకూ మధ్య ఒక బండి పట్టేంత చోటే మిగిలింది. అది ఆగింది. వెనక అద్దం నిండా లోపలి వైపునుంచి మట్టి. లోపల ఎవరున్నారో కనబడలేదు. చాలామంది ఇరుక్కుని కూర్చున్నట్టు మాత్రం తెలుస్తోంది. ఎలా తెలిసిందంటే చెప్పలేను.

డ్రైవర్ వైపునుంచి ఒక గొంతు వచ్చింది. కోపం లేదు అందులో. ఎంతో అలిసిపోయిన గొంతు.

"వెనక ఇంకెవరైనా ఉన్నారా బాబూ?"

నేను వాడి నోరు మూద్దామని చెయ్యెత్తాను. వాడు అప్పటికే జవాబు చెప్పేశాడు. రోజంతా చెప్పి చెప్పి అలవాటైన మాట, ఎవరడిగినా సాయపడే మనిషి చెప్పే మాట.

"లేరండీ. తోక నేనే."

బండి లోపల ఊపిరి వదిలారు. ఒకరు కాదు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఒక పసిగొంతు కూడా. అందరూ కలిసి మెల్లగా...

"అమ్మయ్య."

తెల్ల దీపం ఆరింది. ఎడమ ఇండికేటర్ వెలుగుతూ ఆరుతూ, దుమ్ము లేకుండా, ఆ బండి ముందుకి పోయి పొదల మలుపులో కనబడకుండా పోయింది. మా తమ్ముడు దాని వెంట రెండడుగులు వేశాడు. చొక్కా చిరిగేలా లాగాను.

తర్వాత నా బండి దానంతటదే చక్కగా స్టార్ట్ అయింది. ఆవిరి కక్కుతున్నా ఆపకుండా వెనక్కి తిప్పాను. ఈసారి జీపుని నా ముందు పెట్టుకున్నాను, దుమ్మంతా నేనే తిన్నాను. చీలిక దగ్గర కెప్టెన్ గారు రోడ్డుకడ్డంగా నిలబడి ఉన్నారు, కుడి ఇండికేటర్ అలాగే వెలుగుతోంది. తాను కదల్లేదనీ, తన కళ్ళ ముందు ఏ బండీ ఎటూ తిరగలేదనీ ఒట్టేసి చెప్పారు. ఆ రాత్రి చీలిక దగ్గరే బండ్లలో గడిపి, మర్నాడు పొద్దున వెలుతుర్లో ఆ ఎడమ బాట చూశాం. నా బండి, జీపు వెళ్ళి తిరిగొచ్చిన జాడలున్నాయి. మేము ఆగిన చోటు దాటాక మట్టి మీద పక్షి కాలిముద్రలు తప్ప ఏమీ లేవు. దిబ్బలు చూడకుండానే ఇంటి దారి పట్టాం. కెప్టెన్ గారు దారంతా ఒక్క రూలూ చెప్పలేదు.

అందరం క్షేమంగా వచ్చామనే అనుకున్నాను. అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నానని లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

వచ్చాక మా తమ్ముడు జీపులో నన్ను నా ఆసుపత్రి దగ్గర దింపాడు. ఎప్పుడూ ఆపకుండా మాట్లాడేవాడు, ఆ రోజు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మలుపు తిరిగినప్పుడల్లా పెదాలు మాత్రం కదిలాయి. తల దగ్గరగా పెట్టి విన్నాను. "తోక దాటింది," అంటున్నాడు. మా ముందు ఏ బండీ లేదు. పెద్ద కూడలిలో మాది కుడి వైపు. వాడు ఎడమకి తిప్పబోయాడు. స్టీరింగు పట్టుకుని ఆపితే, నావైపు నొచ్చుకున్నట్టు చూశాడు.

ఆ రోజే నేను తాళం తీసేసుకున్నాను. అది చాలదనిపించి మెకానిక్ చేత జీపు బ్యాటరీ కూడా పీకించి, నా బండి డిక్కీలో వేసుకున్నాను. "అక్కవా, పోలీసువా?" అని అమ్మ కసిరింది. ఆవిడకి ఏం చెప్పను? చెబితే మంచమెక్కుతుంది, చెప్పకపోతే నన్ను తిడుతుంది. తిట్లే నయమనుకున్నాను. పుట్టింట్లోనే మకాం పెట్టాను. వాణ్ణి కళ్ళ ముందే ఉంచుకున్నాను.

నిన్న సాయంత్రం, ఇంకా దీపాలు వెయ్యలేదు, వాడు వరండా మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. పక్కన లాగుడు తాడు చుట్టి పెట్టుకున్నాడు.

పక్కన కూర్చుని వాడి మణికట్టు పట్టుకున్నాను. "ఎక్కడికిరా నాన్నా?"

వాడు వీధి చివరకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వాడి మొహంలో మాత్రం జాలి కనబడింది. పోయినేడు ఎవరిదో కారు తోయడానికి దిగినప్పుడూ ఈ మొహమే పెట్టి ఉంటాడు.

"పాపం, మలుపులో ఆగే ఉన్నారక్కా. నేను వస్తేనే గదా వాళ్ళు కదిలేది. ఎంతసేపని ఆగుతారు?"

"నువ్వు వాళ్ళ తోకవి కాదురా. నా తమ్ముడివి," అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఎదురింటి గోడ మీద ఏదో వెలుగు పడి ఆరింది. మళ్ళీ పడింది. మళ్ళీ ఆరింది. లేత నారింజ రంగు.

తాళం నా గుప్పిట్లోనే ఉంది. బ్యాటరీ నా డిక్కీలో ఉంది. గేటు లోపల, కదలకుండా నిలబెట్టిన చోటే ఉంది జీపు. దాని ఎడమ ఇండికేటర్ వెలుగుతూ ఆరుతూ ఉంది.

వాడి చెయ్యి నేను వదల్లేదు. తెల్లారేదాకా అదీ ఆగలేదు.