వెనక్కి వంగిన చెయ్యి

ఆ రాత్రిబడిలో చివరి తరగతికి పోయే దారిలో ఒక కొట్టుగది ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఒంటరిగా ఎవరూ నడవరు. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా... అందులో ఉన్నదానికి చెయ్యి వెనక్కి ఉంటుందట. కుడి మోచెయ్యి మనలాగే ముందుకి వంగుతుంది. ఎడమది మాత్రం — వెనక్కి.

కోట్లు కుట్టే దుకాణంలో పనిచేసే తొందరమ్మకి ఈ సంగతి తెలుసు. అయినా ఆ దారినే లెక్కల తరగతికి వెళ్ళేది. దెయ్యం పట్టుకుంటే ఒక్క రాత్రి. పని పోతే ఆకలి రోజూ పట్టుకుంటుంది. ఏ భయం పెద్దదో కడుపే చెబుతుంది, శాస్త్రాలు చదవక్కర్లేదు.

తొందరమ్మ అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. కోటు చేతులు కోసేటప్పుడు నమూనా అట్టని బట్ట మీద పెట్టి ఒక చెయ్యి గీస్తారు. రెండో చేతికి అదే అట్టని తిరగేసి పెట్టాలి. ఈవిడ తిరగెయ్యదు, పక్కకి జరిపేస్తుంది. రెండూ కుడిచేతులే తయారు. బట్టకి నిగనిగ ఒక వైపే కాబట్టి, కోశాక తిరగేద్దామన్నా కుదరదు.

రెండోసారి కూడా అంతే చేసేసరికి దుకాణం మాస్టారు కత్తెర లాక్కున్నాడు.

"ఇంకోసారి ఇలా కోస్తే ఇంటికే. రాత్రిబడికి పోతున్నావుగా, లెక్కలు సరిగ్గా నేర్చుకో. నేనూ అక్కడే నేర్చుకున్నా. రేపు మంచి బట్ట ఇస్తా, చూస్తా నీ సంగతి."

ఆ రాత్రి పంతులమ్మ సౌష్ఠవం చెబుతోంది. ఒక వైపే రంగు పూసిన అట్టచెయ్యిని బల్ల మీద జరిపింది, గుండ్రంగా తిప్పింది.

"ఏ చెయ్యి?"

"కుడే," అన్నారంతా.

"ఇంకొంచెం తిప్పితే ఎడమ అవుతుందేమో మేడం," అంది తొందరమ్మ.

"తెల్లారేదాకా తిప్పు తల్లీ. నీ కళ్ళు తిరుగుతాయి గానీ చెయ్యి మారదు. తిరగేస్తేనే ఎడమ. అద్దంలో బొమ్మలాగా."

అందరూ నవ్వారు. తొందరమ్మ బుర్రకెక్కలేదు. తరగతి అయ్యాక అందరూ గుంపుగా వెళ్ళిపోయినా, ఆ అట్టని తిప్పుతూ కూర్చుండిపోయింది. చివరికి లైటు ఆర్పి, అట్ట పట్టుకునే బయటికొచ్చింది.

కొట్టుగది తలుపు... ఓరగా తెరిచి ఉంది.

కిటికీలోంచి వీధి దీపం వెలుతురు. ఆ వెలుతురులో ఎవరో నిలబడి ఉన్నారు. తల లేదు. కుడి మోచెయ్యి ముందుకి. ఎడమది —

వెనక్కి.

"అక్కా..." అంది తొందరమ్మ. "అసలే పని ఊడేలా ఉంది. నువ్వు కూడా ఎందుకు..."

అది కదల్లేదు. ఈవిడ దాని మోచేతుల వంకే చూసింది. చేతిలో ఉన్న అట్టని తన కుడిచేతికి ఆనించుకుంది. అట్ట మోచెయ్యి ముందుకి వంగింది. రంగు వైపు బయటికే ఉంచి ఎడమ చేతికి పెట్టుకుంది. మోచెయ్యి... వెనక్కి వంగింది.

అట్ట వంక చూసింది. దెయ్యం వంక చూసింది.

"ఓసి నీ దుంపతెగ... రెండూ కుడిచేతులా!"

లోపలికి పోయి ఆ వెనక్కి వంగిన చేతిని పట్టుకుని, నిమిరి, కుట్టు చూసింది. కొయ్య స్టాండుకి తగిలించిన పాత కోటు. కాలరు కింద ఎర్రదారం ముడి. మాస్టారు తన చేత్తో కోసిన ప్రతి కోటుకీ వేసే ముడే అది.

మర్నాడు తొందరమ్మ మాస్టారి కత్తెర అడిగి తీసుకుని, అట్టని తిరగేసి గీసి చేతులు కోసింది. మాస్టారు ముక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకటి కుడి, ఒకటి ఎడమ. లాక్కున్న కత్తెర ఆవిడ చేతికే తిరిగి ఇచ్చాడు.

"ఎవరు నేర్పారు?"

"మీ కోటే మాస్టారూ," అంది నవ్వాపుకుంటూ. "రాత్రిబడి కొట్టుగదిలో ఉంది. మీరూ రెండు కుడిచేతులు కోసినవారేగా."

మాస్టారు నవ్వబోయి ఆగాడు.

"కోసిన మాట నిజమే," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ అందరూ నవ్వుతారని ఆ తప్పు చెయ్యి ఆ రోజే విప్పి పొయ్యిలో పడేశాను. దానికి ఎడమ వైపు చెయ్యే లేదమ్మా..."

తొందరమ్మ మెల్లగా, రాత్రి ఆ చేతిని నిమిరిన తన అరచెయ్యి చూసుకుంది.