ఎక్కువ ఉన్నది ముందు

ప్యాకెట్ల మీద అక్షరాలు అంత చిన్నవిగా వేసేది మనం చదవకూడదనే. ఇందులో వాదన లేదు.

అవి చదవగలిగిన మనిషి నాకు ఒక్కతే తెలుసు. కాజాలు కుట్టే కళ్ళు ఆవిడవి. నేను కొట్లో సరుకు సర్దేవాణ్ణి, ఆవిడ ఎదురుగా టైలరు. ఓ వాన రోజు తడుస్తూ లోపలికొచ్చి, దారికి అడ్డంగా నిలబడి బిస్కెట్ ప్యాకెట్ వెనకవైపు చదువుతోంది.

“కొంటారా, పరీక్షకి చదువుతున్నారా?” అన్నాను.

“మా నాన్నకి షుగరు. చదివే కొంటాను. మీకేం తొందర?”

కొనలేదు. మర్నాడూ వచ్చింది, చదివింది, కొనలేదు. ఆ తర్వాత ఓ రోజు రాకపోతే నాకు చెయ్యి ఆడలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను, పిల్లనడగడానికి. చేతిలో ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆయన చెయ్యి చాపేలోపే ఆవిడ ప్యాకెట్ లాక్కుని వెనక్కి తిప్పింది.

“మొదట మైదా, తర్వాత నూనె. ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారండీ. మైదా కూడా ఒంట్లోకెళ్ళి చక్కెరే అవుతుంది. ముందువైపు చూసి మోసపోయారు.”

“ముందువైపు చూసే ఇక్కడిదాకా వచ్చాను.”

పెద్దాయన దగ్గాడు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే మీ వెనకవైపు చదవండి. ఏమేం ఉన్నాయి?”

“కోపం. మొండితనం. పల్లెటూరి బడి చదువు.” అన్నాను. “చివర్న, మీరంటే ఇష్టం.”

ఆవిడ ప్యాకెట్ పక్కన పెట్టి, వాన కొడుతున్న కిటికీ మూసింది. నా పని అయిపోయిందనుకుని గుమ్మంలో చెప్పులు వేసుకున్నాను.

“లేబుల్ తప్పు,” అంది వెనకనించి. “వర్షంలో గొడుగు కూడా లేకుండా వచ్చారు. ఆ చివరిది ముందు రాయాలి.”

చెప్పులు విడిచేశాను.

“అల్లుడుగారూ,” అన్నాడు పెద్దాయన, ప్యాకెట్‌కేసి దిగులుగా చూస్తూ, “ఈసారి ఒట్టి చేతుల్తో రండి.”

ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఆవిడ పోయింది. నాకిప్పుడు కళ్ళజోడు ఉంది, ప్యాకెట్లు నేనే చదువుకుంటున్నాను. కోపం మునుపటికంటే పెరిగింది. అయినా మొదటి స్థానం దానికి దక్కలేదు.

ఇక ఈ సంగతి నా నోట వినరు. అడగొద్దు.