పడక సీటు మాయం

“ఊడ్చిపెట్టేశారు సార్! ఒక్క పాయింటు మిగల్చలేదు!”

డిటెక్టివ్ కూర్చోమన్నా పెయింట్ల దుకాణం యజమానురాలు కూర్చోలేదు. పాయింట్లే కదా అని పెదవి విరిచేవాళ్లకు ఆమె గోడు అర్థం కాదు. భర్త పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కూర్చోలేడు. పరాయి దేశంలో ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది. విమానంలో పడుకుని వెళ్లే సీటు డబ్బిచ్చి కొనాలంటే దుకాణం అమ్ముకోవాలి. అందుకే సరుకంతా క్రెడిట్ కార్డు మీద కొంటూ, వచ్చిన పాయింట్లను విమాన టికెట్టుకు మార్చుకుందామని ముట్టుకోకుండా దాచింది. అవి కాస్తా ఆ పొద్దున ఓ విమాన కంపెనీ ఖాతాలోకి వెళ్లిపోయాయి. వెళ్తే ఇక కార్డులోకి తిరిగి రావు.

“ఖాతా ఎవరిది?” గదంతా కలియతిరుగుతూ అడిగాడు డిటెక్టివ్.

“నాదే! ఎప్పుడో మా తమ్ముడు తెరిచిపెట్టాడు. ఆ కంపెనీ విమానాలు మేం వెళ్లాల్సిన ఊరికి పోనే పోవు సార్!”

“మీ ఫోను ఎవరి చేతికి అందుతుంది?”

“ఇంట్లో వాళ్లకే. మా ఆయన, మా తమ్ముడు.”

అసిస్టెంటును వెంటబెట్టుకుని డిటెక్టివ్ ఆమె ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే మండిపడ్డాడు.

“నా మీదేగా అనుమానం? సీటు ఖాళీ ఉందని కళ్లతో చూశాకే పాయింట్లు కదపాలని అందరికీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది నేను! ఉండండి, ఆ కంపెనీ పాయింట్లతో దానితో పొత్తున్న తోటి కంపెనీ విమానమూ ఎక్కొచ్చు. అదే వెతుకుతున్నా.”

“సార్, వీడే!” అసిస్టెంటు గుసగుసలాడాడు.

“ఆగవయ్యా.”

లోపలి గదిలో భర్త మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. భార్య ఫోను అతని తల పక్కనే చార్జింగులో ఉంది.

“రోజూ ఇక్కడే పెడతారా?”

“ఆ... పోనిద్దురూ సార్, పాయింట్లే కదా. ఎందుకింత రాద్ధాంతం?”

డిటెక్టివ్ అందరినీ మంచం చుట్టూ పిలిచాడు.

“కాజేసినవాడు వాడుకోవాలి, లేదా అమ్ముకోవాలి. ఈ పాయింట్లు అమ్మగారి పేరు మీదే ఊరికే పడున్నాయి. అంటే వాడికి కావలసింది పాయింట్లు కాదు, ప్రయాణం ఆగడం. తమ్ముడికి తోటి కంపెనీ సంగతి తెలుసు. ఆపాలనుకుంటే ఈ ఖాతాలోకి పంపడు. అది తెలియక, ఆ ఊరికి వెళ్లని కంపెనీని ఏరికోరి పట్టుకున్నది, ఫోను చేతికందే రెండో మనిషి.” ఆయన గొంతు తగ్గించాడు. “మీరేనా అండీ?”

అసిస్టెంటు నోరు వెళ్లబెట్టాడు. భర్త కళ్లు మూసుకున్నాడు.

“నేనే. ఆ ఆపరేషన్ బల్లెక్కితే మళ్లీ లేవనేమో అని భయమేసింది. ఇలా పడున్నా నువ్వు కనిపిస్తుంటావు కదే.”

“భయమేస్తే నాతో చెప్పి ఏడవచ్చుగా!” ఆమె బావురుమంది. “నాకు లేదా భయం? రోజూ కొట్లో డబ్బాల చాటుకెళ్లి ఏడుస్తున్నా!”

ఆమెకు కోపం, జాలి ఒక్కసారే పొంగుకొచ్చాయి. భర్త చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూలబడింది.

“అక్కా!” తమ్ముడు లాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాడు. “తోటి కంపెనీలో ఇద్దరికీ సీట్లున్నాయి. పాయింట్లు సరిపోతాయి. ఆలస్యం చేస్తే ఎవరో ఎగరేసుకుపోతారు. టికెట్లు తీయనా?”

ఆమె కళ్లు తుడుచుకుంది. భర్త వంక చూసింది.

“ఆపరేషన్ గదిలోకి నిన్ను రానివ్వరుగా?” అన్నాడతను.

“తలుపు దగ్గరే ఉంటా.”

“కదలకూడదు.”

“కదిలితే ఒట్టు.”

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“తియ్యరా బామ్మర్దీ.”